బేగంకి రస్కు

"మా బేగంకి ఏం పెడతన్నావ్ నువ్వు?"

సాబిరా చికెన్ కొట్టు ముందు గొడుగు మూయకుండానే నిలబడింది. కత్తి కడుగుతున్న వాజిద్ తలెత్తాడు.

"సలాం కూడా లేదా?"

"దానికి షుగర్. పశువుల డాక్టర్ ఇంజెక్షన్ రాశాడు. వేస్తన్నా తగ్గట్లా. రోజూ నీ కొట్టు మెట్ల మీదే పడుకుంటది. ఏందో పెడతన్నావ్."

"కోడి ముక్క. ఉడకబెట్టింది. ఉప్పు లేదు, పసుపు లేదు."

"మసాలా?"

"మా ఇంట్లో కూరకే మసాలా ఉండదు. మా అమ్మ వంట నీకు తెల్వదు."

సాబిరాకి నవ్వొచ్చింది. వెంటనే పెదవులు బిగించింది. అమ్మీ పోయాక ఆమెకి నవ్వంటే భయం. నవ్విన ఆ క్షణం అమ్మీని మరిచినట్టు, ఎవరో అది చూసి గుర్తు పెట్టుకుంటున్నట్టు ఉంటుంది.

"అయినా తినదు," అన్నాడు వాజిద్. "వాసన చూసి మొహం తిప్పుకుంటది. పేరుకి తగ్గట్టే ఉంది మీ బేగం."

"దానికి షుగరని తెలిసే ఉప్పు లేకుండా ఉడకబెట్టావా? ఎవరు చెప్పారు?"

"ఇక్కడే నిలబడి డాక్టర్‌తో ఫోన్ మాట్లాడావు గదా. విన్నా."

"పిల్లి మీద అంత ప్రేమా?"

వాజిద్ కత్తిని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"దాన్ని వెతుక్కుంటా నువ్వొస్తావ్," అన్నాడు చివరికి.

గొడుగు మీద వాన చప్పుడు ఎక్కువైంది. సాబిరా వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది.

బేగం అమ్మీ పిల్లి. అది తిన్నాకే ఇంజెక్షన్ వెయ్యాలన్నాడు డాక్టర్. బియ్యం, పాలు, బిస్కెట్లు వద్దన్నాడు. అది మాత్రం గిన్నె ముందు కూర్చుని ఎవరి కోసమో చూస్తుంది; ఏ పూటో ఒక ముక్క కొరికితే అప్పుడే సూది. వీపు మీద ఎముకలు చేతికి తగులుతున్నాయి. దాని ఒంట్లో ఇంకా అమ్మీ చేతి వేడి మిగిలి ఉందని, అది పోతే అమ్మీ రెండోసారి పోయినట్టేనని సాబిరా నమ్మకం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అది తినేదేదో సాబిరా, వాజిద్ కలిసి వెతికారు. నరసరావుపేటలో దొరికే పిల్లి తిండి ప్యాకెట్లు తిప్పి వెనక అక్షరాలు చదివారు.

"దీంట్లో మొదటి పేరే బియ్యప్పిండి," అంది సాబిరా.

"ఇది ఇంకా నయం, బెల్లంపాకం. మనిద్దరం తిందాం."

ఉడికించిన గుడ్డు పెట్టారు. ముళ్లు తీసిన చేప పెట్టారు. బేగం మొహం తిప్పుకుంది. సరిగా తినని పిల్లికి షుగర్ ఎందుకు తగ్గడంలేదో ఇద్దరికీ అర్థం కాలేదు.

ఆ శుక్రవారం పొద్దున వాజిద్ కొత్తది ఏదో తెచ్చాడు. కోడి రొమ్ము ముక్కని పల్చగా కోసి, ఉడికించి, పెనం మీద సన్నసెగన గట్టిపడేదాకా ఆరబెట్టాడు. వాటిని స్టీలు డబ్బాలో పెట్టుకుని వాళ్ల గుమ్మంలోకి వచ్చేసరికి సాబిరా వంటింటి తలుపు దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

లోపల ఆమె తండ్రి దావూద్ నేల మీద కూర్చుని ఉన్నాడు. పిడుగురాళ్ల సున్నం లారీలు బాగుచేసే మనిషి; గోళ్ల సందుల్లో తెలుపూ నలుపూ ఎప్పటికీ వదలవు. ఆ వేళ్లతో రస్కుని చాయ్ సాసర్లో ముంచాడు. ముందుకు చాచాడు.

"బిస్మిల్లా," అని అల్లా పేరు తలిచాడు మెల్లగా.

బేగం నోరు తెరిచింది.

"అబ్బా!" తండ్రిని కేకేసింది సాబిరా.

దావూద్ ఉలిక్కిపడలేదు. బేగం కొరికిన రస్కుని నేల మీద పెట్టాడు.

"రోజూ పెడతన్నావా?" అంది సాబిరా. "అది చచ్చిపోద్ది. అమ్మీ పిల్లిని నువ్వే చంపుతున్నావ్."

"మీ అమ్మ ఇట్టానే పెట్టేది. తను తినేముందు దీనికో ముక్క."

"షుగర్ అబ్బా దానికి."

"ఆమెకీ షుగరే," అన్నాడు దావూద్. "గుంటూరు ఆసుపత్రిలో ఒక్క రస్కు అడిగింది. ఇంటికెళ్లాక తిందువులే అన్నావు. ఆమెకీ పెట్టనియ్యలా. దీనికి కూడా పెట్టనియ్యవా?"

సాబిరా తలుపు పట్టుకుంది. ఆ మాట తండ్రి నోట వినడానికే తను ఇన్నాళ్లూ కాచుకుని ఉందని ఆమెకి అప్పుడు తెలిసింది. ఇంట్లో ప్రతి నిశ్శబ్దంలోనూ అదే వినిపిస్తూ వచ్చింది. ఇప్పుడు బయటికి వచ్చాక అది అనుకున్నంత పెద్దగా లేదు. ముసలివాడి గొంతంతే ఉంది.

వాజిద్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బిస్మిల్లా అనకుండా ఏనాడూ కోడి మీద కత్తి పెట్టని మనిషి. పిల్లి ముందు ముక్క పెట్టినప్పుడు ఆ మాట అనాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

"చాచా," అన్నాడు, డబ్బా మూత తీస్తూ. "ఇదీ రస్కులాగే ఉంటది. వేణ్ణీళ్లలో ముంచండి. అదే సాసర్లో. అదే మాట చెప్పి పెట్టండి."

"తినదు."

"ఒక్కసారి."

దావూద్ ఆ ముక్కని అందుకుని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. వేరే సాసర్ లేదు. చాయ్ పారబోసి, కడిగి, వేణ్ణీళ్లు పోశాడు. ముంచాడు.

"బిస్మిల్లా."

బేగం వాసన చూసింది. ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ముక్కని పళ్లతో అందుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నమిలింది.

అది ఇంకో రెండు ముక్కలు తిన్నాక సాబిరా ఇంజెక్షన్ వేసింది. పిల్లి కదలకుండా దావూద్ రెండు చేతులతో పట్టుకున్నాడు. అంత గరుకు చేతులు అంత మెత్తగా పట్టుకోవడం ఆమె ఆసుపత్రిలో అమ్మీ దగ్గర కూడా చూసింది.

"ముక్కలు రోజూ నువ్వే చేస్తావా?" అని అడిగాడు దావూద్, వాజిద్ వైపు చూడకుండా.

"చేస్తా చాచా."

"ఎన్నాళ్లు?"

వాజిద్ సాబిరా వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"మీరు వద్దనేదాకా."

"మీ అమ్మని రేపు చాయ్‌కి రమ్మను," అన్నాడు దావూద్. "సంబంధం మాట్లాడే ఆడమనిషి ఈ ఇంట్లో లేదు. నేనే మాట్లాడతా."

సగం కొరికిన రస్కు నేల మీద తడిసి పడి ఉంది. ప్యాకెట్లోంచి ఇంకొకటి తీసి, తన కప్పులో చల్లారిన చాయ్‌లో ముంచాడాయన. పిల్లికి పెట్టినట్టే, అంతే మెల్లగా, కూతురి నోటి ముందుకి చాచాడు.

"బిస్మిల్లా."

సాబిరా తిన్నది. అమ్మీ అడిగిన రుచి అది. మింగడానికి చాలాసేపు పట్టింది.