జింకు మాత్ర, పాల గ్లాసు

ఏన్కూరులోని ఆ ఇంట్లో తెల్లారిందంటే భారతమ్మకు మొదటి పని ఒక్కటే. కోడలు నాగలత మంచం పక్కన గ్లాసెడు పాలు, రెండు మాత్రలు పెట్టి పశువుల కొట్టంలోకి వెళ్తుంది. ఒకటి ఐరన్, ఒకటి జింకు.

నాగలతకు రెండేళ్లుగా పేగుల వాపు. రోగాన్ని అడ్డుకోవాల్సిన కణాలే అదుపు తప్పి సొంత పేగు మీద పడుతున్నాయని, జింకు తగ్గితే ఆ వాపు ఇంకా ముదురుతుందని ఖమ్మం డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అసలు మందులకు తోడుగా ఈ మాత్రలు రాసింది. మూడు నెలలు గడిచాయి. నిన్నటి రక్తపరీక్ష రిపోర్టులో జింకు వీసమెత్తు కూడా పెరగలేదు.

భారతమ్మకు రాత్రంతా నిద్ర లేదు.

"నిజం చెప్పు లతా. నేను కొట్టంలకు పోంగనే మాత్రలు ఏడ పారేస్తున్నవ్?"

"రోజూ మింగుతున్న అత్తమ్మా."

"మింగితే రిపోర్టు గిట్లెందుకొస్తది?"

నాగలత మంచం దిగింది. "నొప్పి ఓర్చుకుంటున్న. ఈ మాట ఓర్చుకోలేను. మా అమ్మ దగ్గరికి పోత." గదిలోకి వెళ్లి బ్యాగు సర్దసాగింది.

వాకిట్లో మడికి వేసే జింకు సంచీని బండికెత్తుతున్న మామయ్య వెంకటనారాయణ అంతా విన్నాడు. నిదానం మనిషి. చేతులు దులుపుకుని లోపలికొచ్చి, గ్లాసు పక్కన మాత్రలు చూశాడు.

"రెండూ ఒక్కసారే ఇస్తున్నవా?"

"అవ్, పాలతోని. ఏం?"

"మొన్న మడిల డీఏపీ ఎరువు చల్లినం. జింకు అప్పుడే ఎందుకు వెయ్యలే?"

"కలిపి వేస్తే జింకు పైరుకు అందదు, మూడు రోజులు ఆగాలె. గది నాకు తెల్వదా..." భారతమ్మ చూపు గ్లాసు పక్కనున్న రెండు మాత్రల మీద పడింది.

ఆయన డాక్టరమ్మకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు. కలిపి వేసుకుంటే ఐరన్ జింకును ఒంటికి సరిగా పట్టనివ్వదని, పాలు కూడా అడ్డమేనని డాక్టరమ్మ చెప్పింది. "వేరువేరుగా వేసుకోమని నేనే గట్టిగా చెప్పాల్సింది. ఇకనుంచి ఐరన్ పొద్దున, జింకు సాయంత్రం. రెండూ నీళ్లతోనే."

భారతమ్మ గదిలోకి వెళ్లి కోడలి చెయ్యి పట్టుకుంది.

"మడి మీద ఉన్న ధ్యాస నీ మీద లేకపాయె బిడ్డా. నా చేత్తోనే చెడగొట్టి, నిన్ను అబద్ధాలకోరును చేసిన." ఆమె కన్నీళ్లు కారిపోతున్నాయి.

"పాలు తాగితే నాకు కడుపుబ్బరం అత్తమ్మా," అంది నాగలత మెల్లగా. "మీరు ప్రేమతో ఇస్తున్నరని తాగిన."

భారతమ్మ కోడలిని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

"బస్సుకు పోతవా?" భయంభయంగా అడిగింది.

నాగలత కొంగుతో అత్త కళ్లు తుడిచింది.

"పోతే సాయంత్రం మాత్ర ఎవరిస్తరు?"