కాలిన చివర పంటి గాట్లు

వన్ టౌన్ బట్టల వ్యాపారి సాంబమూర్తి ఇంట్లో, వెనక గదిలో, అతని తల్లి రావమ్మ చనిపోయి ఉంది. దిండంతా రక్తం. 1974 వేసవి. అప్పటికే ఈగలు ముసురుతున్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఆమోసు వచ్చేసరికే హంతకురాలు తేలిపోయింది. కోడలు రామతులసి! పోలీసు డాక్టరు మల్లేశ్వరరావు శవం నోరు తెరిచి చూశారు. "అంగిలి కాలి చిల్లు పడింది. యాసిడ్" అన్నారు. స్నానాల గదిలో యాసిడ్ సీసా దొరికింది. ఇంకేం కావాలి?

"మీ ఆవిడ మీదే అనుమానమా?" ఆమోసు అడిగాడు.

"ఇంకెవరండీ? గంజి పట్టినప్పుడల్లా మంట, మంట అని మా అమ్మ అరిచేది. వీధంతా విన్నారు."

"జబ్బేమైనా ఉందా?"

"నోటిపూత. డాక్టరుకి చూపించాను."

"చుట్ట తాగేదా?"

"ఛ! మా ఇంట్లో ఆడవాళ్ళకి అలాంటి అలవాట్లు లేవండి."

రామతులసి ఏదో చెప్పబోయింది. మొగుడు గుడ్లురిమాడు. ఆమె నోరు మూసుకుంది. చేతికి బేడీలు పడబోతున్నా మొగుడి చూపుకే జంకుతున్న ఆ పిల్లను చూస్తే ఆమోసుకి ఒళ్ళు మండింది.

మంచం కింద ఉమ్మితొట్టి. ఉమ్మిలో బూడిద. పక్కనే చుట్టపీక. ఆమోసు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. పంటి గాట్లు కాలిన చివర ఉన్నాయి. రెండో చివర శుభ్రంగా ఉంది.

"డాక్టరుగారూ, యాసిడ్ పోస్తే పెదవులు కాలవా? నాలుక కాలదా?"

డాక్టరు శవం నోరు మళ్ళీ తెరిచి చూశారు. రెండూ కాలలేదు.

"అంగిలి ముక్క పరీక్షకి పంపండి."

రిపోర్టు రాగానే ఆమోసు అందరినీ స్టేషనుకి పిలిపించాడు.

"క్యాన్సర్. అది ముదిరి రక్తం పోయింది" అన్నారు డాక్టరు తలదించుకుని. "మా పుస్తకాల్లో దేశదేశాల లెక్కలున్నాయి. నోటి క్యాన్సర్‌తో పోయేది ఎక్కువగా మగవాళ్ళు, అదీ పెద్ద వయసులో. ఆడమనిషి కదా, ఆ ఊహే రాలేదు."

"శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు ఆ పుస్తకాలు చదవలేదు లెండి. నేను టెక్కలిలో పనిచేశాను. అక్కడ అడ్డపొగ తాగుతారు. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఏళ్ళ తరబడి సెగంతా అంగిలికే." ఆమోసు సాంబమూర్తి వైపు తిరిగాడు. "మీదీ ఆ వైపేగా? మొదట చూసిన డాక్టరు చుట్ట సంగతి అడగలేదా?"

"అడిగారండి. లేదన్నాను. నలుగురిలో పరువు..."

"అందుకే పూతమందు రాసి పంపారు!"

"పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని కాళ్ళు పట్టుకున్నానండీ" అంది రామతులసి. "అక్కడా చుట్ట సంగతి అడుగుతారని ఈయన ఒప్పుకోలేదు."

సాంబమూర్తి చెంప పగలగొట్టాలనిపించింది ఆమోసుకి. కానీ ఇలా చంపినవాడి మీద పెట్టడానికి ఏ సెక్షనూ లేదు. జబ్బుతో మరణం అని రాసి రామతులసిని వదిలేశాడు.

సాంబమూర్తి చేతులు జోడించాడు. "సార్, రిపోర్టులో చుట్ట మాట రాయకండి. బజార్లో తలెత్తుకోలేను."

రామతులసి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"నేను యాసిడ్ పోశానని రాస్తే తలెత్తుకుంటారా?"

అతను నేల చూశాడు. కాదని మాత్రం అనలేదు.

"ఇన్‌స్పెక్టరుగారూ," అంది ఆమె, "మా పుట్టిల్లు బందరండీ. నన్ను బస్సెక్కించండి."