ఊ కొట్టే కొండ

వెస్ట్ వర్జీనియాలో ఆ కొండకి మ్యాప్‌లో ఒక పేరుంది. అది ఎవరికీ గుర్తుండదు. కింద ఊళ్లోవాళ్లు మాత్రం దాన్ని తోడుకొండ అనే అర్థం వచ్చేలా పిలుస్తారు. ఒంటరిగా ఎక్కినవాడికి పైన తోడు దొరుకుతుందట. దొరికిన తోడు ఒక పట్టాన కిందికి దిగనివ్వదట.

వేటకు పోయి తిరిగిరాని ఒకతన్ని అక్కడే వెతికి పట్టుకున్నారని చెబుతారు. ఛాతీదాకా ఊబిలో దిగబడి, ప్రాణం పోయి ఉన్నాడు. మొహంలో భయం లేదు... కబుర్లు చెబుతూ చెబుతూ మధ్యలో ఆపినవాడిలా నోరు కొంచెం తెరిచి ఉందట.

కొండకింద కొట్లో కాఫీ పోసిన ముసలావిడ ఈ సంగతంతా దామోదర్‌కి చెప్పింది. చిల్లర చేతిలో పెడుతూ, "పైన మంచు కమ్మితే మాట్లాడకండి. అక్కడ వినేవాళ్లున్నారు" అంది.

దామోదర్ నవ్వాడు. "నాకు కావలసిందీ అదే" అన్నాడు.

అది వేళాకోళం కాదు. నిజంగానే అతనికి వినేవాళ్లు కావాలి.

అప్పుడు 1981. దామోదర్ పిట్స్‌బర్గ్‌లో ఇంజనీరు. అతని భార్య నళిని నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని, పరీక్షలు రాసి, తప్పి, మళ్లీ రాసి, ఆ ఏడు వేసవిలోనే ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం సంపాదించుకుంది. తెల్లకోటు వేసుకున్న మొదటిరోజు ఫొటో తీయించుకుని ఊరికి పంపింది కూడా. సరిగ్గా అప్పుడే దామోదర్‌కి ఆరిజోనాలో, చాండ్లర్ అనే ఊళ్లో, కంప్యూటర్ చిప్స్ తయారుచేసే కంపెనీ నుంచి పిలుపొచ్చింది. వాళ్లు ఫోన్లో అడిగారు. ఇతను ఫోన్లోనే "యస్" అనేశాడు. నళినితో చెప్పడం ఒక్కటే మిగిలిపోయింది.

ఆ ఒక్కటీ కుదరడం లేదు. ఇంట్లో చెబుదామంటే ఆవిడ మొహం చూడాలి. ఆవిడ మొహం చూస్తే ఇతని నోరు పెగలదు.

హైకింగ్ ఆలోచన అందుకే వచ్చింది. కొండమీద మొగుడు ముందు నడుస్తాడు, పెళ్లాం వెనక నడుస్తుంది. మొహాలు చూసుకునే పని లేదు. మన దామోదర్ మామూలు రోడ్డుమీదా అంతే, షాపింగ్ మాల్‌లోనూ అంతే. పది గజాలు ముందుంటాడు, వెనక్కి తిరగడు, మాట్లాడుతూ పోతూనే ఉంటాడు. వెనకనుంచి ఆవిడ "ఊ" అంటుంది. ఆరేళ్ల కాపురం ఆ "ఊ" మీదే నడిచింది.

మొదటి శిఖరం బాగానే గడిచింది. శిఖరమంటే మొనదేలి ఉంటుందనుకునేరు. పైకెక్కితే అంతా చదును, మైళ్లకొద్దీ మోకాలెత్తు పొదలు, మధ్యమధ్య నీళ్లు తాగిన నాచు. అడుగేస్తే పరుపులా దిగి, తీస్తే చప్పరించినట్టు చప్పుడు చేస్తుంది. గాలికి ఒకే పక్కకి కొమ్మలు పెరిగిన చెట్లు అక్కడొకటి, ఇక్కడొకటి. దామోదర్ కొత్త బూట్లు వేసుకున్నాడు. నళిని చీర మీద స్వెట్టర్ తొడుక్కుని, కాన్వాస్ బూట్లతో వచ్చింది. ఒక బండమీద కూర్చుని పులిహోర తిన్నారు.

"ఇంతదూరం పులిహోర తినడానికొచ్చామా?" అంది నళిని.

"వ్యూ చూడు, వ్యూ" అన్నాడు దామోదర్. అసలు మాట గొంతుదాకా వచ్చి పులిహోరతోపాటు లోపలికి పోయింది.

రెండో శిఖరం వైపు బయల్దేరారు. మధ్యలో పల్లం, పల్లంలో చిన్న వాగు, వాగు పక్కన దారి గుర్తుకోసం పేర్చిన రాళ్ల గుట్ట. దామోదర్ వాగు దాటి ఎక్కడం మొదలుపెట్టాడు. అప్పుడే... పడమటి నుంచి పొగమంచు వచ్చింది. ఎవరో దుప్పటి లాగినట్టు కొండ మొత్తం కప్పేసింది. తన బూట్లు తనకే సరిగా కనబడ్డం లేదు.

ఇంతకన్నా మంచి అవకాశం దొరకదనుకున్నాడు దామోదర్. ఎదురుగా మొహమే కాదు, లోకమే లేదు.

"ఇదిగో... నీకొకటి చెప్పాలి" అన్నాడు.

వెనకనుంచి — "ఊ."

"చాండ్లర్ అని ఒక ఊరు. ఫీనిక్స్ పక్కన. అక్కడ నాకు ఆఫర్ వచ్చింది."

"ఊ."

"నేను యస్ చెప్పేశాను. జనవరిలో జాయినవ్వాలి."

దామోదర్ ఊపిరి బిగబట్టి నడిచాడు. పిడుగు పడుతుందని చూశాడు. పడలేదు.

"ఊ" — మెల్లగా, మెత్తగా.

"నీ జాబ్ సంగతి నాకు తెలుసు... ఎంత కష్టపడ్డావో తెలుసు. కానీ అక్కడా హాస్పిటళ్లుంటాయి కదా? చలి కూడా ఉండదు. ఏమంటావ్?"

"ఊ."

భార్య వరసగా ఇన్నిసార్లు అడ్డు చెప్పకుండా ఊ అంటే ఏ మొగుడికైనా అనుమానం రావాలి. దామోదర్‌కి రాలేదు. పైగా గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎంత మంచి మనిషి, అనవసరంగా ఇన్నాళ్లు భయపడ్డాను అనుకున్నాడు. ఆ సంతోషంలో ఆరిజోనాలో ఎలాంటి ఇల్లు కొనాలో, నిమ్మచెట్టు ఏ మూల వెయ్యాలో అన్నీ చెప్పుకుంటూ పోయాడు. అన్నిటికీ సమాధానం వచ్చింది. ఒక్కోసారి బాగా దగ్గరనుంచి... భుజం పక్కనుంచి వచ్చింది.

శిఖరం మీదికి చేరేసరికి ఆవిడమీద ప్రేమ పొంగుకొచ్చింది. జేబులో ఒక చాక్లెట్ ఉంది. సగం విరిచి ఇద్దామని, ఆ రోజు మొత్తానికి మొట్టమొదటిసారి వెనక్కి తిరిగాడు.

ఎవరూ లేరు.

మంచు. పొదలు. నాచులో అడుగుల గుంటలు, వాటిలో ఊరుతున్న నీళ్లు... అన్నీ తన బూట్లవే. కాన్వాస్ బూటు గుర్తు ఒక్కటీ లేదు.

దెయ్యం సంగతి తర్వాత, దామోదర్‌కి ముందు తట్టింది ఇది: టార్చిలైటు తన సంచిలో ఉంది. దుప్పటి తన సంచిలో ఉంది. చీకటి పడబోతోంది. నళిని పల్చటి స్వెట్టర్‌తో ఈ ఊబి నేలలో ఎక్కడో ఒంటరిగా ఉంది. ఈ చలిలో రాత్రంతా ఉంటే తెల్లారేసరికి బతకదు. ఎక్కడ తప్పిపోయిందో కూడా తనకి తెలియదు, ఎందుకంటే తను చూడలేదు.

పరుగెత్తాడు. దారి ఉందనుకున్న చోట దారి లేదు. అరుద్దామంటే ఏమని అరవాలో తెలియలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ "ఇదిగో", "ఏమోయ్" తప్ప ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచినవాడు కాదు.

"ఇదిగో!" అని అరిచాడు.

"ఊ" — కుడిపక్క నుంచి.

ప్రాణం లేచొచ్చింది. కుడిపక్కకి పరుగెత్తాడు. "ఎక్కడా?"

"ఊ" — ఇంకొంచెం ముందునుంచి.

"అక్కడే ఉండు, వస్తున్నా!"

"ఊ."

నాలుగడుగులు వేశాడో లేదో, కాలు మోకాలిదాకా దిగిపోయింది. రెండోకాలు ఊతంగా పెడితే అదీ దిగింది. కదిలినకొద్దీ తొడలదాకా వచ్చింది. కింద ఆనే నేల లేదు. చీకటి కూడా అప్పుడే పడింది. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, మంచులో ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంది.

"చెయ్యివ్వు" అన్నాడు గుసగుసగా.

"ఊ" అంది. చెయ్యి మాత్రం రాలేదు.

అప్పుడు దామోదర్‌కి ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు కోపమొచ్చింది. మొగాడికి ఏడవడం చేతకాకపోతే కోపం రావడం మామూలే. గొంతు చించుకుని అరిచాడు —

"ఆరిజోనా వెళ్దామంటే ఊ అన్నావ్! ఇల్లు కొందామంటే ఊ అన్నావ్! అన్నిటికీ ఊ అని, తీరా ఎక్కడ చచ్చావ్?"

ఎదురుగా — "ఊ."

వెనకనుంచి, చాలా దూరం నుంచి, పల్లంలోంచి —

"ఏ ఆరిజోనా?"

దామోదర్ ఒక్క క్షణం కదల్లేదు.

"మిమ్మల్నే! ఏ ఆరిజోనా? ఎవరు వెళ్తున్నారు? నన్నెప్పుడడిగారు?"

ఇక అతనికి సందేహం లేదు. బోర్లా పడి, పొదలు పట్టుకుని, పాములా వెనక్కి పాకాడు. ఒక బూటు ఊబికే వదిలేశాడు. ఎదురుగా ఉన్నదేదో ఊ అంటూనే ఉంది, ఇప్పుడు కొంచెం బతిమాలుతున్నట్టుగా. అతను అటు తిరగలేదు. "ఇల్లు కొనడమేమిటి?" "నా ఉద్యోగం ఏం కావాలి?" "నోట్లో బెల్లం ఉందా, చెప్పరేం?" — ఆ ప్రశ్నలు పట్టుకుని, ఒక్కొక్క ప్రశ్నకి కొంత దూరం చొప్పున దిగొచ్చాడు.

నళిని వాగు పక్కన రాళ్ల గుట్టకి ఆనుకుని కూర్చుని ఉంది. వణుకుతోంది. దామోదర్ దుప్పటి తీసి ఆవిడకి కప్పాడు. చేతులు రుద్దాడు. అన్నది ఒకటే: "నువ్వు లేకపోతే నేనేమైపోదును?"

"ఆరిజోనా పోదురు" అంది నళిని.

జరిగింది ఇదీ: వాగు దగ్గరే ఆవిడ బూటు బురదలో ఇరుక్కుంది. ఆగండి అని అరిచింది. ఈయన ఏదో చెప్పుకుంటూ పోతున్నాడు. మంచులో వెంటపడితే ఇద్దరూ తప్పిపోతారని, గుర్తుగా ఉన్న రాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. రెండో శిఖరం అసలు ఎక్కనేలేదు.

టార్చిలైటు వెలుగులో మెల్లగా కిందికి దిగారు. ఈసారి నళిని ముందు, ఒంటి బూటుతో దామోదర్ వెనక. దారిలో అన్నీ చెప్పేశాడు. ఫోన్ సంగతి, యస్ సంగతి, జనవరి సంగతి, మంచులో వినబడ్డ ఊ సంగతి. ఆవిడ ఒక్కసారీ ఊ అనలేదు.

"సోమవారం ఫోన్ చేసి రానని చెప్పేస్తా" అన్నాడు.

"రానని చెప్పమన్నానా? ముందు నన్ను అడగమన్నాను."

"అడుగుతున్నా. వెళ్దామా?"

"ఆలోచించి చెప్తా" అంది నళిని. ఆ జవాబు ఇంత హాయిగా ఉంటుందని దామోదర్ ఎప్పుడూ అనుకోలేదు.

కొట్టు దీపాలు కనబడేసరికి అతనికి ధైర్యం తిరిగొచ్చింది. ధైర్యంతోపాటు చదువూ తిరిగొచ్చింది. ఊబిలో గాలి బుడగలు పైకొస్తాయి, గుడ్లగూబలుంటాయి, కప్పలుంటాయి, గాలి రాళ్ల సందుల్లోంచి వీస్తే రకరకాల చప్పుళ్లొస్తాయి అని వివరంగా చెప్పాడు. "ఊ అనడానికి తెలుగు రానక్కర్లేదుగా" అని నవ్వాడు కూడా.

నళిని నవ్వలేదు.

"నాకూ వినిపించింది" అంది, అడుగు ఆపకుండా.

"ఊ అనా?"

"కాదు. మొగ గొంతు. అచ్చం మీదే. వాగు అవతల నుంచి పిలిచింది. 'నళినీ... తొందరేం లేదు, మెల్లగా రా. నేను ఆగుతాను' అని. తెలుగులోనే. చాలాసేపు పిలిచింది."

ఆ పల్లంలో వాగు అవతల, దారి తప్పితే అంతా ఊబే. దామోదర్ అందులోంచే పాకుతూ వచ్చాడు. వెనక చీకట్లోకి చూడడానికి ధైర్యం చాలక, టార్చి వెలుగులో కనిపిస్తున్న ఆవిడ మడమలే చూస్తూ అడిగాడు —

"మరి... నువ్వెందుకు వెళ్లలేదు?"

"మీరు కాదని తెలిసిపోయింది" అంది నళిని. "మీరెప్పుడైనా ఆగారా?"