అన్నయ్య కోసం వచ్చిన ఫోను

వీట్స్కె రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటోంది. వంటింటి బల్ల మీద అమ్మ ఫోను మోగింది.

"అమ్మా, ఫోను!" అని అరిచింది.

మేడ మీద నుంచి జవాబు లేదు. అమ్మ ఎక్కడుందో వీట్స్కెకి తెలుసు. మెట్లు ఎక్కగానే, అన్నయ్య యోరిత్ గది బయట, గోడకి ఆనుకుని కూర్చుని ఉంటుంది. మూసిన తలుపుతో మాట్లాడుతూ ఉంటుంది.

"పోనీలే నాన్నా, ఈ రోజుకి స్కూలు వద్దు. కాస్త సూపు పైకి తెచ్చివ్వనా?"

పోయిన నెల వీట్స్కెకి జ్వరం వచ్చినప్పుడు సూపు పైకి రాలేదు. "కిందికి రా, అందరితో పాటు తిను" అన్నారు. అది ఆమె ఇంకా మర్చిపోలేదు.

ఫోను మోగుతూనే ఉంది. వీట్స్కె వేళ్ళు నాకేసి ఎత్తింది.

"హలో, నేను బౌక్యెని. కమ్యూనిటీ హాలు నుంచి. అమ్మ ఉందా తల్లీ?"

బౌక్యె! ఆ పేరు ఇంట్లో రోజూ వినబడేదే.

యోరిత్‌కి పన్నెండేళ్ళు. వీట్స్కె కన్నా మూడేళ్ళు పెద్ద. చలికాలం మొదలైనప్పటి నుంచి వాడికి జనమంటే భయం పట్టుకుంది. స్కూలు గేటు చూస్తే చాలు, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేస్తాడు. "ఇలాంటి పిల్లలు నలుగురు కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూపు దగ్గర్లో దొరికితే మంచిది" అన్నారు డాక్టరు గారు.

దొరికితే కదా! అమ్మ మూడు నెలలు ఫోన్లు చేసింది. పట్నంలో ఏడాది ఆగాలన్నారు. ఇంకోచోట పెద్దవాళ్ళకి మాత్రమే అన్నారు. చివరికి కిరాణా కొట్టు గాజు తలుపు మీద ఒక కాగితం చూసి బౌక్యెని పట్టుకుంది. ఆ గ్రూపులో ఎనిమిది కుర్చీలు. ఎనిమిదీ నిండిపోయాయి. ఖాళీ అయితే కబురు చేస్తానని బౌక్యె చెప్పింది.

ఆ మూడు నెలలూ వీట్స్కె ఏం మాట్లాడబోయినా "ష్, ఫోన్‌లో ఉన్నా" అనేది అమ్మ. యోరిత్ మెట్లు దిగి వస్తే మాత్రం అమ్మా నాన్నా తింటున్నది ఆపేసి, రాజుగారు వేంచేసినట్టు నవ్వేవాళ్ళు. మెట్లు దిగడం కూడా ఒక గొప్పేనా?

"అమ్మ పైన పనిలో ఉంది" అంది వీట్స్కె.

"అయితే నువ్వే చెప్పు. ఒక కుర్చీ ఖాళీ అయింది! వచ్చే బుధవారం రెండున్నరకి యోరిత్‌ని తీసుకురమ్మను. మొదటి రోజు కదా, అమ్మా నాన్నా ఇద్దరూ రావాలి."

బుధవారం!

బుధవారం రెండింటికి వీట్స్కె ఈత పరీక్ష. ఆఖరి సర్టిఫికెట్టు. చుట్టూ కాలువలే ఉన్న ఊరు కదా, ఈత నేర్చుకోని పిల్లలు ఉండరు. పరీక్ష రోజు ఇంటిల్లిపాదీ చూడ్డానికి వస్తారు. ప్యాంటు, జాకెట్టు, బూట్లు అన్నీ వేసుకునే నీళ్ళలోకి దూకాలి. నీళ్ళలో పెద్ద ప్లాస్టిక్ పట్టా ఒకటి తెరలా వేలాడదీస్తారు. దాని మధ్యలో ఉన్న కన్నంలోంచి దూరి అవతల తేలాలి. తేలగానే పైకి చూస్తే, గ్యాలరీలో అమ్మా నాన్నా లేచి నిలబడి చేతులు ఊపుతుంటారు. వీట్స్కె ఎన్ని రోజుల నుంచో అదే ఊహించుకుంటోంది.

ఆ ఒక్క రోజు కూడా యోరిత్‌కేనా?

"బుధవారం కుదరదండీ" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మాకు... మాకు వేరేచోట దొరికింది. మీకు చెప్పమంది అమ్మ."

"అలాగా! పోనీలే, దొరికింది, అదే చాలు. ఇక్కడ వరసలో ఇంకో బాబు ఉన్నాడు, వాళ్ళకి చెప్తాను. నేను అడిగానని చెప్పు మీ అన్నయ్యకి."

వీట్స్కె ఫోను పెట్టేసింది. వచ్చిన నంబరు కూడా చెరిపేసింది.

"ఎవరే ఫోను?" పైనుంచి అమ్మ కేక.

"రాంగ్ నంబరు!"

రొట్టె సగమే తింది. మిగతా సగం కంచంలోనే వదిలేసింది.

మంగళవారం సాయంత్రం యోరిత్ పాల కోసం వంటింట్లోకి వచ్చాడు. వీట్స్కె పరీక్ష బట్టలు సంచిలో సర్దుకుంటోంది.

"బౌక్యె ఫోన్ చేసిందా, నీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు?" అంది వీట్స్కె, సంచిలోకే చూస్తూ. "అయినా నీకెందుకంత తొందర? నీకు ఎక్కడికి వెళ్ళాలన్నా భయమేగా."

"భయమే." యోరిత్ గ్లాసు చుట్టూ రెండు చేతులూ పెట్టుకున్నాడు. "కానీ ఆ గ్రూపులో ఒకడు ఆరు నెలలు స్కూలుకి పోలేదంట. వాణ్ణి ఒకసారి చూడాలి. నేనొక్కణ్ణే ఇలా లేనని తెలుస్తుంది కదా."

వీట్స్కె తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"ఒసేయ్ బాతూ," అన్నాడు వాడు వెళ్తూ వెళ్తూ. కోపం లేనప్పుడు చెల్లెల్ని అలాగే పిలుస్తాడు. "లేసులు గట్టిగా కట్టుకో. నా పరీక్షలో ఒక బూటు పూల్ అడుక్కి పోయింది. టీచర్ కర్రతో తీశారు. అందరూ చేప దొరికిందని చప్పట్లు కొట్టారు."

వీట్స్కెకి నవ్వు రావాలి. రాలేదు.

మర్నాడు పూల్ దగ్గర ఒకటే గోల. గ్యాలరీలో తాతలు, మామ్మలు, చంటిపిల్లలు. అందరి చెప్పులకీ నీలం ప్లాస్టిక్ తొడుగులు. మొదటి రౌండు ఈత అయిపోయింది. బట్టల్లోంచి నీళ్ళు కారుతుండగా పిల్లలంతా పట్టా ముందు వరసలో నిలబడ్డారు.

వీట్స్కె పైకి చూసింది. రెండో వరసలో అమ్మా నాన్నా! ఇద్దరూ! ఆమె చెయ్యి ఊపింది. నాన్న వెంటనే ఊపి, మోచేత్తో అమ్మని పొడిచారు. అమ్మ తలెత్తి నవ్వింది. మళ్ళీ ఒళ్ళోకి చూసుకుంది.

ఒళ్ళో ఫోను ఉంది.

వరస ముందుకి జరిగింది. వీట్స్కె మళ్ళీ చూసింది. అమ్మ ఫోను వంకే చూస్తోంది. తెర చీకటి పడితే వేలితో తాకి మళ్ళీ వెలిగిస్తోంది.

బౌక్యె ఫోను కోసం! ఆ ఫోను రాదు. ఎందుకు రాదో ఆ గ్యాలరీలో ఎవరికీ తెలియదు. వీట్స్కెకి ఒక్కదానికే తెలుసు.

"వీట్స్కె, నీ వంతు" అన్నారు టీచర్.

"టీచర్, ఒక్క నిమిషం. అమ్మకో మాట చెప్పాలి."

"ఇప్పుడా? బాత్రూమ్‌కైతే వెళ్ళు."

వెనకాల పిల్లలు కిసుక్కున నవ్వారు.

"బాత్రూమ్ కాదు టీచర్!" అంటూ ఆమె పరుగెత్తింది. తడి బూట్లు చప్చప్‌మంటూ గ్యాలరీ మెట్లెక్కింది. ఎవరి మామ్మ ఒళ్ళోనో నీళ్ళు చిందాయి.

"అమ్మా, బౌక్యె ఫోన్ చేసింది. పోయిన గురువారమే. కుర్చీ ఖాళీ అయిందని చెప్పింది. ఈ రోజు రెండున్నరకి రమ్మంది. నేను... మాకు వేరేచోట దొరికిందని చెప్పేశాను."

అమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఎందుకే అలా చెప్పావు?"

"ఈ రోజు మీరిద్దరూ నన్నే చూడాలని."

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను పట్టుకుని లేచి గబగబా బయటికి వెళ్ళిపోయింది. వీట్స్కె నాన్న వైపు చూసింది.

"వెళ్ళు. నీ వంతు పోతుంది" అన్నారు నాన్న. ఆయన ముఖంలో నవ్వు లేదు.

టీచర్ ఆమెని వరస చివర నిలబెట్టారు. వీట్స్కె దూకింది. కన్నంలోంచి దూరింది. అవతల తేలింది. పైకి చూస్తే నాన్న ఒక్కరే ఉన్నారు. ఒకసారి చెయ్యి ఎత్తి దించారు. పక్క కుర్చీ ఖాళీ.

సర్టిఫికెట్లు ఇస్తున్నప్పుడు అమ్మ తిరిగి వచ్చింది. "ఆ చోటు వేరే బాబుకి ఇచ్చేశారట. మళ్ళీ గ్రూపు మొదలయ్యేది సెప్టెంబరులోనే" అంది నాన్నతో. తరవాత వీట్స్కెతో, "అన్నయ్యకి నువ్వే చెప్పాలి" అంది.

ఆ రోజు యోరిత్ గది బయట వీట్స్కె కూర్చుంది. మూసిన తలుపుతో మాట్లాడ్డం ఎంత కష్టమో ఆమెకి మొదటిసారి తెలిసింది. జరిగిందంతా చెప్పింది.

"వెళ్ళిపో ఇక్కణ్ణుంచి" అన్నాడు యోరిత్ లోపల్నుంచి.

బాతూ అనలేదు. వీట్స్కె అనలేదు. ఏ పేరుతోనూ పిలవలేదు.

మర్నాడు స్కూలు అయిపోగానే వీట్స్కె సైకిల్ తీసింది. లైబ్రరీ బోర్డు చూసింది. డాక్టరు గారి వరండాలో బోర్డు చూసింది. చర్చి గోడ మీద కాగితాలన్నీ చదివింది. చివరికి కమ్యూనిటీ హాలుకి వెళ్ళింది. ఒక పొడుగాటి ఆవిడ టీ కప్పులు తుడుస్తోంది.

"బౌక్యె గారంటే మీరేనా?"

"నేనే. నువ్వెవరమ్మా?"

"ఫోన్‌లో మీకు అబద్ధం చెప్పానే, ఆ అమ్మాయిని."

బౌక్యె తుడవడం ఆపింది. "ఓహో. ఆ కుర్చీ అడగడానికి వచ్చావా?"

"కాదండీ. అది ఇప్పుడు ఆ అబ్బాయిది. ఇంకెక్కడైనా గ్రూపు ఉందేమో అడుగుదామని వచ్చాను. బోర్డులన్నీ చూశాను. ఊలు అల్లేవాళ్ళ గ్రూపు ఉంది. సిగరెట్లు మానేవాళ్ళ గ్రూపు ఉంది. అన్నయ్యకి పనికొచ్చేది ఒక్కటీ లేదు."

"మీ అన్నయ్య సిగరెట్లు తాగడు కదా?"

"వాడికి పాల మీద మీగడంటేనే పడదు."

బౌక్యెకి నవ్వొచ్చింది. కుర్చీ లాగి కూర్చోమంది. కాస్త ఆగి, "ఇంట్లో నిన్నెవరైనా అడుగుతున్నారా, ఎలా ఉన్నావని?" అంది.

వీట్స్కె బూటు లేసు వంక చూస్తూ కూర్చుంది. బౌక్యె మళ్ళీ అడగలేదు. లోపలికి వెళ్ళి కాగితం మీద ఏదో రాసుకొచ్చింది.

"కాలువ అవతల సీబె గారని ఉన్నారు. టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర నాలుగు గుర్రాలు ఉన్నాయి. శుక్రవారం నాలుగింటికి ఐదారుగురు పిల్లలు వస్తారు. గుర్రాలకి మాలిష్ చేస్తారు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు, లేకపోతే లేదు. వాళ్ళతో నేనూ ఉంటాను."

"మరి కాగితం ఎక్కడా అంటించలేదేం?"

"అంటిస్తే జనం వచ్చేస్తారని ఆయనకీ భయమే" అంది బౌక్యె.

అమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. వెంటనే సీబె గారికి ఫోన్ చేసింది. మాట్లాడ్డం అయ్యాక ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, వీట్స్కెని దగ్గరికి లాక్కుంది.

"నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు" అంది. "కానీ నువ్వు పట్టాలోంచి దూరడం నేను చూళ్ళేదు. ఎలా దూరావో చెప్పు. మొదటి నుంచి చెప్పు."

మరుసటి వారం శుక్రవారం నాన్న కారు తాళం తీసుకున్నారు. యోరిత్ మెట్ల మీదే నిలబడిపోయాడు.

"కారొద్దు. దిగగానే అందరూ చూస్తారు. సైకిల్ మీద వెళ్తా." ఆ తరవాత చెల్లెలితో తొమ్మిది రోజుల మౌనం విడిచి, "రా, బాతూ" అన్నాడు.

ఇద్దరూ కాలువ గట్టున పక్కపక్కనే తొక్కారు. సన్నటి చినుకులు. సీబె గారి గేటు దగ్గర యోరిత్ సైకిల్ దిగి పది నిమిషాలు నిలబడ్డాడు. గేటు గడియ మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశాడు. పద పద అని నోటిదాకా వచ్చింది వీట్స్కెకి. అనలేదు. వాడి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని పక్కనే నిలబడింది.

యోరిత్ లోపలికి వెళ్ళాడు.

గంటసేపు ఆమె రెండు సైకిళ్ళూ పట్టుకుని చెట్టు కింద నిలబడింది. జాకెట్టు తడిసింది. తిరిగి వచ్చేటప్పుడు యోరిత్ ఒక్కడే లేడు. పక్కన టైమెన్ అనే పొడుగు కుర్రాడు ఉన్నాడు. ఇద్దరి స్వెట్టర్లకీ గుర్రం వెంట్రుకలే.

"నా టోపీ సగం నమిలేసింది రా అది!" అంటున్నాడు టైమెన్.

"ఆకలేసిందేమో. నువ్వు ఎండుగడ్డిలా ఉన్నావుగా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అన్నయ్య అలా నవ్వడం వీట్స్కె చలికాలం నుంచి చూళ్ళేదు. తనతో నవ్వలేదు. ఇప్పుడు కూడా తన వైపు చూళ్ళేదు. గంట క్రితం పరిచయమైనవాడితో అంత నవ్వా? బౌక్యెకి అబద్ధం చెప్పిన రోజు వచ్చిన ఉక్రోషమే మళ్ళీ వచ్చింది.

టైమెన్ ఇల్లు కూడా అటే. ముగ్గురూ సైకిళ్ళెక్కారు. గట్టు మీద దారి సన్నం. పక్కపక్కన ఇద్దరే పడతారు. యోరిత్ పక్కన వీట్స్కె ఉంది. టైమెన్ వెనక నుంచి అరిచి అరిచి మాట్లాడుతున్నాడు. యోరిత్ మెడ తిప్పి తిప్పి వింటున్నాడు.

వీట్స్కె మెల్లిగా బ్రేకు నొక్కింది. టైమెన్ ఆమెని దాటి ముందుకి వెళ్ళాడు.

"బాతూ, ఎక్కడున్నావే?" యోరిత్ వెనక్కి చూశాడు.

"వెనకే ఉన్నాలే. మీరు మాట్లాడుకోండి" అంది వీట్స్కె.