నడుమెత్తు గూడు

పొద్దున్నే స్నానాలగదిలోకి వెళ్ళిన రేణుకకు గోడ మీద గూడు కోసం తను గీసిన సుద్దగీత కనిపించలేదు. భుజమెత్తున ఉండాల్సింది నడుమెత్తుకు దిగింది. మూడు రోజుల్లో ఇది మూడోసారి.

చిక్కడపల్లిలోని ఆ పాత ఇంట్లో స్నానాలగదికి కొత్తగా టైల్స్ వేయిస్తున్నారు. సబ్బులు, షాంపూలు పెట్టుకునేందుకు గోడలోనే ఒక గూడు కావాలని రేణుక కోరిక. కిటికీలో పెట్టిన సబ్బు నెలకొకసారి పక్కింటి దొడ్లో పడుతోంది. వాళ్ళు ఇంతవరకు ఒక్కటీ తిరిగివ్వలేదు. మొదట్లో "ఉన్న గోడను తొలుచుడెందుకు?" అన్న అత్తగారు అనసూయమ్మ ఉన్నట్టుండి "పెట్టించు, మంచిదే" అంది. ఆవిడ వాదించకుండా ఒప్పుకుంటేనే రేణుకకు అనుమానం.

అంత కిందికి గూడు పెద్దవాళ్ళకెందుకు? పిల్లలకైతే సరిపోతుంది. పైగా ఈమధ్యే స్నానాలగదిలోకి ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు వచ్చి చేరింది. ముషీరాబాద్‌లో కిరాయికుండే ఆడపడుచు మనీషతో అత్తగారి ఫోన్లు ఎక్కువయ్యాయి. రేణుక దగ్గరికి రాగానే మాట చింతపండు ధర మీదికి మళ్ళేది. ఇంకేముంది, మనీష ఇద్దరు పిల్లలతో ఇక్కడే దిగబోతోంది.

గీత సంగతి అడిగితే, "నాకేం తెలుసు? రెండు చెంబులు పోసుకొని బయటికొస్త" అని ఆమె భర్త రాఘవేందర్ ఆఫీసుకు జారుకున్నాడు.

మేస్త్రీ ఈదయ్య వచ్చేసరికి రేణుక తన గీత మళ్ళీ గీసింది.

"ఒక్క గూడే అయితదక్కా. రెండోది తొలిస్తే గోడ ఆగది. జర జల్ది చెప్పుండ్రి, ఏ గీత?"

"పైది" అంది రేణుక.

"కిందిది" అంది గుమ్మంలోంచి అనసూయమ్మ.

రేణుక సుద్దముక్క కింద పెట్టింది. "అత్తమ్మా, మనీష ఎప్పుడొస్తుంది?"

"యాడికి?"

"ఇక్కడికి. పిల్లలతోటి, సామానుతోటి. స్టూలు ముందే వచ్చింది కద."

"స్టూలు నాది."

"మీకెందుకు?"

"కూసునెటందుకు. స్టూలు ఇంకెందుకుంటది?"

రేణుక నవ్వబోయి ఆగింది. అత్తగారు తలుపుచట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"బతుకమ్మ పండుగైనంక ఇండ్లనే జారిపడ్డ" అంది అనసూయమ్మ నేల చూస్తూ. "నడుస్త మంచిగనే. తడిల నిలబడాలంటేనే కాళ్ళు వణుకుతయి. మనీషకొక్కదానికే చెప్పిన."

"రెండు నెలలాయె. నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను నారాయణగూడ మార్కెట్‌కు ఒక్కదాన్ని పోనిస్తవా? ఉన్నదే ఆ ఒక్క తిరుగుడు. అదీ పోతే ఇంట్ల కూసోని నువ్వు తెచ్చిన ముదురు బెండకాయలు తినాలె."

బెండకాయల మాటకు రేణుకకు కోపం రాలేదు. ఈ రెండు నెలలూ ప్రతి పొద్దునా "ఇంతసేపా స్నానం" అని తను తలుపు తట్టడం గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి.

ఆమె ఎర్ర స్టూలు లాక్కుని గోడపక్కన కూర్చుంది. చెయ్యి చాచి చూసింది. పైగీతను కొంగుతో తుడిచేసి, "కిందిదే ఈదయ్యా. ఇంకో రెండు వేళ్ళంత దించు" అంది.

"మరి నీ షాంపూలు?" అంది అనసూయమ్మ.

"వంగి తీసుకుంట."

"మార్కెట్?"

"పొండి. నాలుగడుగులు వెనక నేనొస్త. మీరు వెనక్కి మళ్ళి చూడొద్దు."

అనసూయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"చూడను గానీ, నేను బేరం చేసెటప్పుడు నడుమల రాకు."