పని ఆపించిన కూతురు

ఉదయం ఏడు దాటినా ఆయన డ్యూటీకి కదల్లేదు. యూనిఫాం వేసుకుని గుమ్మం పక్క కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. బల్ల మీద టిఫిన్ చల్లారిపోయింది. భార్య రెండుసార్లు పిలిచి ఊరుకుంది. తండ్రీకూతుళ్లకు నిన్నటి నుంచి మాటల్లేవు. ఎందుకో ఇద్దరూ చెప్పలేదు.

ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పనిచేస్తారు. ఆయన ముప్ఫై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్, కూతురు రెండేళ్ల కిందట చేరిన ఇంజనీరు. నిన్న ఒక కరెంటు ప్యానెల్‌లో బోల్టు వదులై తీగ వేడెక్కసాగింది. రోగుల యంత్రాలు నడిచే చోటు కాబట్టి అక్కడ కరెంటు ఆపే వీల్లేదు. రబ్బరు గ్లవ్స్, ముఖానికి షీల్డ్, పక్కన తోడు మనిషి ఉంటేనే చెయ్యాలని రాసి, ఆ పని చెయ్యడానికి తండ్రికి కూతురే అనుమతి ఇచ్చింది.

అరగంటకి వెళ్లి చూస్తే షీల్డ్ నేల మీద ఉంది. తోడు మనిషిని టార్చి కోసం పంపి, ఆయన ఒక్కడే ప్యానెల్‌లోకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి ఉన్నాడు. పిలిస్తే ఉలిక్కిపడి చెయ్యి ఎక్కడ తగిలిస్తాడోనని, ఆ చెయ్యి బయటికి వచ్చేదాకా ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది. తర్వాత అనుమతి కాగితం చింపేసి, కరెంటు ఆపకుండా చేసే లైవ్ పనికి ఈయన్ని ఇక పంపొద్దని తోటి పనివాళ్లందరి ముందూ చెప్పేసింది.

ఆమె బ్యాగు తీసుకుని బయల్దేరుతుంటే ఆయన నోరు విప్పాడు.

"నీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది నేను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ల ముందే నన్ను పూచికపుల్లలా తీసిపారేశావు. తాతకు దగ్గులు నేర్పుతావా?"

"అక్కడ నేను నీ కూతుర్ని కాదు నాన్నా."

"కాకపోతే ఈ ఇంట్లో ఎందుకున్నావు?"

ఆ మాటకి తల్లి వంటింట్లోంచి వచ్చింది. జరిగింది కూతురి నోట విన్నాక ఆమె ముఖం ఎర్రబడింది. ముప్ఫై ఏళ్లుగా సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా తన ప్రాణం ఎలా కొట్టుకునేదో మొగుడికి తెలుసా అని నిలదీసింది. చివరికి అడిగింది:

"షీల్డ్ ఎందుకు తీశారు?"

"అది పెట్టుకుంటే..." అని ఆయన అరవబోయి ఆగిపోయాడు. "కనపడటం లేదు. ఆరు నెలలైంది. నలుపు తీగేదో, నీలం తీగేదో తెలియడం లేదు."

ఆయన కూతురి వైపు తిరిగాడు.

"చెబితే మూల కూర్చోబెడతారని చెప్పలేదు. నిన్న బోల్టు ఎక్కడుందో తడుముకుంటూ వెతికాను. గ్లవ్స్ కూడా తీసేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వొచ్చావు."

కూతురి చేతిలోంచి బ్యాగు జారిపోయింది. "చచ్చిపోయేవాడివి నాన్నా," అంటూ గోడకి ఆనుకుని ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది. ఆరు నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే పనిలో ఉండి తాను గమనించలేదన్న కోపం కూడా అందులో ఉంది.

ఆ పూట ఆయనే ప్యానెల్ గదికి వెళ్లి అందరినీ పిలిచాడు. కళ్లు మసకబారాయని, ఆ సంగతి దాచానని, నిన్న అమ్మాయి ఆపబట్టే బతికి ఉన్నానని చెప్పాడు.

మధ్యాహ్నం కంటి డాక్టరు దగ్గర పిలుపు రాగానే కూతురే ముందు లేచి చెయ్యందించింది.

"గడప ఉంది, చూసుకుని నడువు," అంది. గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.