హోహెన్‌టోర్ కోటలో న్యాయం

ఆల్జా నది మలుపు తిరిగేచోట, నల్లరాతి కొండ శిఖరాన, జర్మను సీమలోని చిన్న రాజ్యమైన వోల్ఫెన్‌మార్క్‌కు రాజధానియై వెలసిన హోహెన్‌టోర్ దుర్గం, ఆ శరత్కాలపు ఉదయాన నిప్పుల వానలో తడుస్తోంది. ఆవలి గట్టున బారులు తీరిన ఉత్తరదేశపు ఫిరంగులు గర్జించినప్పుడల్లా ప్రాకారపు రాళ్లు పగిలి, వాటి వెనుక నిలిచిన మనుషుల ఒంట్లోకి దిగబడుతున్నాయి. చర్చి గోపురం కూలి బజారులో పడింది. దాని కింద నలిగిన గుర్రం ఒకటి ఇంకా చావక అరుస్తుంటే, సిపాయి ఒకడు తుపాకి పేల్చి దాని బాధ తీర్చాడు.

ఈ యుద్ధం భూమి కోసం వచ్చినది కాదు. ఒక చట్టం కోసం వచ్చింది. వోల్ఫెన్‌మార్క్ ప్రభువు ఆల్బ్రెక్ట్ యువరాజుగా ఉన్న కాలంలో పారిసు నగరానికి చదువుకు పోయి, అక్కడి తత్త్వవేత్తల మాటలు చెవులారా విన్నాడు. మనిషికి వివేచన అనే దీపం పుట్టుకతోనే ఉందనీ, ఆ దీపానికి కులీనుడూ కూలివాడూ అన్న భేదం లేదనీ, రాజ్యం నడవవలసినది తాతల పేర్లతో కాక తర్కంతోననీ వారు చెప్పినది అతని మనసులో నాటుకుపోయింది. సింహాసనం ఎక్కగానే శాసనం చేశాడు: చిత్రహింస రద్దు, మరణశిక్ష రద్దు, రుజువు లేనిదే శిక్ష లేదు, రైతు తన దొర భూమిని విడిచి ఇష్టమైన చోటికి పోవచ్చు, యూదులు కోటలో ఇళ్లు కట్టుకోవచ్చు, పదవి యోగ్యతకే గాని వంశానికి కాదు. ఆ శాసనం వల్లనే కమ్మరి కొడుకైన మత్తియాస్ క్రోన్ సర్వసేనాని అయ్యాడు. మత్తియాస్ తండ్రి, తాను చేయని దొంగతనాన్ని ఒప్పుకోమని పాత ప్రభుత్వపు అధికారులు ఎముకలు విరుస్తుంటే ప్రాణం విడిచినవాడు. అందువల్ల సేనానికి ఆ చట్టం కాగితం కాదు, ప్రాణం.

దొరలందరూ పళ్లు కొరికారు. పొరుగున ఉన్న ఉత్తరదేశపు రాజు, తన రైతులు కూడా అదే చట్టం అడుగుతారేమోనన్న భయంతో, పూర్వపు హక్కులు నిలబెడతానని సేనలతో దిగాడు.

ముట్టడి సాగుతుండగా ఒక మంగళవారం, పెద్దబావి నీళ్లు తాగిన ఫిరంగిదళం సిపాయిలు కడుపులు పట్టుకుని నేలమీద దొర్లారు. పొద్దు వాలేలోగా పసిపిల్లలు కూడా రక్తం కక్కి చనిపోయారు. శవాలను బళ్లమీద వేసి తీసుకుపోతుంటే, గుంపులోంచి ఎవరో అరిచారు: "యూదు వైద్యుడు బావిలో విషం కలిపాడు!"

జనం ఎలియాస్ రోసెన్ ఇంటి తలుపు బద్దలుకొట్టారు. రోగుల నడుమ కూర్చున్న ఆ వృద్ధ వైద్యుణ్ణి గడ్డం పట్టి ఈడ్చి, రాళ్లతో కొట్టి, ఒక కన్ను పోగొట్టి, రాజమందిరం ముంగిట పడేశారు. మహామంత్రి, పాత దొరల వంశంవాడైన కౌంట్ ఫాల్కెన్ మెట్లమీద నిలిచి చేయెత్తాడు.

"ప్రభూ! తమ తత్త్వశాస్త్రం ఎక్కడికి తెచ్చిందో చూశారా? కొరడా పక్కన పెట్టారు, విషం ఇంట్లోకి వచ్చింది. వీణ్ణి నాకు అప్పగించండి. పాత పద్ధతిలో అడిగితే వీడి తోటివాళ్లందరి పేర్లూ ఒక్క గడియలో బయటికి వస్తాయి. ఆ పాత చట్టాన్ని ఇప్పుడే, ఈ ప్రజల ఎదుటే, తిరిగి నిలబెట్టండి!"

జనం హోరెత్తింది. ఆల్బ్రెక్ట్ ముఖం పాలిపోయింది. అప్పుడు ప్రాకారం మీదినుంచి మసిబారిన ముఖంతో దిగివచ్చిన మత్తియాస్, నెత్తురోడుతున్న వైద్యుడి ముందు అడ్డంగా నిలిచి కత్తి దూశాడు.

"హింసిస్తే మనిషి నిజం చెప్పడు, ఎదుటివాడికి కావలసింది చెబుతాడు. మా నాన్న కూడా చివరికి ఒప్పుకున్నాడు, చేయని దొంగతనాన్ని. ప్రభూ, రేపు మధ్యాహ్నం దాకా గడువు ఇప్పించండి. నేరం రుజువైతే ఈయనను చట్టం శిక్షిస్తుంది. అప్పటిదాకా ఈయన మీద చేయి వేయదలచినవాడు ముందు నా మీద వేయాలి."

"నీ మాట కాదనను, మత్తియాస్," అన్నాడు రాజు. "కాని త్వరపడు. ఈ జనాన్ని నేను ఎంతోసేపు ఆపలేను."

వైద్యుడు ఒంటికంటితో పైకి చూశాడు. "సేనానీ, ఇది పాషాణమనే విషం. చావుల్లో ఆ గుర్తులే ఉన్నాయి. ఎవరు తాగి పోయారో అందరికీ తెలుసు. ఎవరు తాగలేదో అడగండి."

మత్తియాస్ ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ప్రతి వీధిలోనూ ఏడుపే. మంత్రి మేడలో మాత్రం ఒక్క నౌకరూ పడలేదు, ఒక్క గుర్రమూ పడలేదు. బండి తోలే గోట్లీబు తడబడుతూ చెప్పాడు: "పెద్దబావి నీళ్లే తాగేవాళ్లం దొరా. ఆదివారం నాడు అయ్యగారు పిలిచి, ఇకనుంచి నేలమాళిగలోని వాననీటి తొట్టే వాడండి, గుర్రాలకు కూడా అవే పెట్టండి అన్నారు. ఎందుకని మేం అడగలేదు."

మరునాడు మధ్యాహ్నం మందిరపు ముంగిట, జనమంతా వింటుండగా, మత్తియాస్ ఒక్కటే ప్రశ్న వేశాడు.

"మహామంత్రీ! మొదటి సిపాయి మంగళవారం పడ్డాడు. బావి చెడుతుందని తమకు ఆదివారమే ఎలా తెలిసింది?"

ఫాల్కెన్ నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఒక బండివాడి మాట కౌంటు మాటకు సాటా?"

"ఈ రాజ్యంలో సాటే," అన్నాడు మత్తియాస్.

ఫాల్కెన్ నడుములోని పిస్తోలు తీసి ఆకాశంలోకి పేల్చాడు. ఆ సంకేతానికి అతని మనుషులు నదివైపు ద్వారం కాపలాను పొడిచి గడియలు తీశారు. రాత్రే నది దాటి పొంచివున్న ఉత్తరదేశపు సైనికులు వరదలా లోపలికి దూసుకువచ్చారు.

ఆ ఇరుకు ద్వారంలో జరిగినది పోరు కాదు, ఊచకోత. మత్తియాస్ తన సిపాయిలతో శవాల మీదుగా శవాలు దాటి ఎదురునడిచాడు. బాయినెట్లు విరిగితే తుపాకి మడమలతో కొట్టారు. అవి విరిగితే గొంతులు పట్టుకున్నారు. రొట్టెలు కాల్చే ఆడవాళ్లు మేడమీదినుంచి మరిగే నూనె గుమ్మరించారు. చేయి తెగిన ఫిరంగివాడొకడు, పళ్లతో వత్తి పట్టుకుని, పక్కకు తిప్పిన ఫిరంగిని ద్వారంలోకే పేల్చాడు. పొగ వీడేసరికి ద్వారంలో నిలిచివున్న శత్రువు లేడు. నెత్తుటి కాల్వ మెట్లమీదుగా నదిలోకి జారుతోంది.

అప్పుడు జనం ఫాల్కెన్ వైపు తిరిగింది. తమ బిడ్డల శవాలు చూసినవాళ్లు గొడ్డళ్లతో, కత్తులతో అతణ్ణి గోడకు తరిమారు. మత్తియాస్, తొడలో గుండు దిగి కుంటుతూనే, గుంపును చీల్చుకుని మంత్రి ముందు నిలిచాడు.

"ఆగండి! నిన్న ఈ చట్టం వైద్యుణ్ణి కాచింది. ఇవాళ వీణ్ణీ కాస్తుంది. వీణ్ణి విచారించాలి!"

"తప్పుకో సేనానీ! నా కూతురు చచ్చిపోయింది!" అని ఏడుస్తూ అరిచిన కసాయి ఒకడు మంత్రిని గురిచూసి కత్తి విసిరాడు. అది మత్తియాస్ మెడలో దిగింది.

కసాయి మోకాళ్లమీద కూలబడ్డాడు. పరుగెత్తి వచ్చిన ఎలియాస్ గాయాన్ని రెండు చేతులా అదిమిపట్టినా నెత్తురు ఆగలేదు. మత్తియాస్ పెదవులు కదిలాయి. "విచారణ..." అన్నాడు. మరి మాట్లాడలేదు.

ఆల్బ్రెక్ట్ ఆ శవాన్ని చూసి ఉన్మాదిలా కత్తి దూసి ఫాల్కెన్ మీదికి ఉరికాడు. కట్టు కట్టిన కంటితో, సేనాని నెత్తురు అంటిన చేతులతో, వృద్ధ వైద్యుడు దారికి అడ్డం వచ్చాడు.

"వద్దు ప్రభూ. నా కన్ను పోగొట్టింది ఇతగాడి అబద్ధమే. నాకూ చంపాలనే ఉంది. కాని సేనాని చనిపోయింది మనం అలా చేయడానికి కాదు."

రాజు కత్తి నేలమీద పెట్టి, సేనాని పక్కన కూర్చుని బిగ్గరగా ఏడ్చాడు.

ఏరికోరి పంపిన దళం నశించాక, మంచు కూడా మొదలవడంతో, ఉత్తరదేశపు సేన గుడారాలు పీకి వెళ్లిపోయింది. ఫాల్కెన్‌ను తలుపులు తెరిచిన సభలో విచారించారు. అతని తరఫున వాదించేందుకు రాజే న్యాయవాదిని పెట్టాడు. గోట్లీబు సాక్ష్యం చెప్పాడు, ఎలియాస్ చెప్పాడు. ఫాల్కెన్ మనుషులే పాషాణం సంచి బావికి మోసుకుపోయిన సంగతి ఒప్పుకున్నారు. కసాయి కూడా అదే సభలో తన నేరానికి తలవంచి నిలిచి, ఖైదు శిక్ష పొందాడు. ఫాల్కెన్‌కు యావజ్జీవ ఖైదు పడింది.

చివరిమాట ఏమన్నా ఉందా అని న్యాయాధిపతి అడిగినప్పుడు ఫాల్కెన్ లేచాడు.

"మీరు నన్ను ఆ గోడ దగ్గర చీల్చివేసి ఉంటే, జనానికి వివేచన ఉందన్నది పిచ్చి కలేనని యూరపులోని ప్రతి దొరా నవ్వేవాడు. నేను చచ్చినా గెలిచేవాణ్ణి. ఆ కమ్మరి కొడుకు నాకు ఆ దారి కూడా లేకుండా చేశాడు."

సంకెళ్లతో అతణ్ణి బజారు గుండా చెరసాలకు నడిపించారు. రెండువైపులా బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరూ రాయి ఎత్తలేదు.